మూలవాసం లెక్క

నాలుగు గోడల మీద నాలుగు వైపులకూ వాలు పెట్టి కప్పు వేసేటప్పుడు వడ్రంగికి చిక్కంతా మూలల దగ్గరే వస్తుంది. గోడ నడుమ నిలిచే వాసాన్ని కొత్తగా పని నేర్చుకుంటున్న కుర్రాడు కూడా కోసేస్తాడు. మూలకు దిగే వాసం దగ్గరికి వచ్చేసరికి పొడవు మారుతుంది, వాలు మారుతుంది, తల కోత మారుతుంది, చివరికి కర్ర పైముఖాన్ని కూడా చెక్కాల్సి వస్తుంది. ఇన్ని మార్పులకూ కారణం ఒక్కటే. కొప్పు నుంచి చూస్తే ఇంటి మూల గోడకన్నా దూరం. దిగాల్సిన ఎత్తు మాత్రం రెండింటికీ సమానం. ఈ ఒక్క మాటను పట్టుకుంటే మిగతా లెక్కలన్నీ దాని వెంటే వస్తాయి.

పాలమూరు, నల్లగొండ కప్పులు

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు ఇప్పుడు చిన్న జిల్లాలుగా విడిపోయాయి కానీ పాత ఇళ్ళ కట్టుబడి చూస్తే ఈ మెట్ట ప్రాంతమంతా ఒకటే. ఏడాదికి 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన. రాయికి, మట్టికి కొదవ లేదు. పొడుగాటి మంచి కర్ర మాత్రం ఖరీదైన సరుకు. అందుకే ఇక్కడ రెండు రకాల కప్పులు పక్కపక్కనే పెరిగాయి. ఒకటి మట్టి మిద్దె: దూలాల మీద దంతెలు, వాటి మీద పుల్లలు, ఆపైన చవుడు మట్టి. రెండోది గూనపెంకుటిల్లు. కలిగినవాళ్ళ భవంతుల్లో ఈ రెండూ కలిసి కనిపిస్తాయి. వెనక గదుల మీద మిద్దె ఉంటుంది, నడుమ ఉన్న ఖాళీ జాగా చుట్టూ వసారాల మీద పెంకు వాలు లోపలికి దిగుతుంది.

వాసాలకు ఊరి చుట్టుపక్కల దొరికేవి వేప, తాడి. నల్లమల దగ్గరి ఊళ్ళకు టేకు, నల్లమద్ది, వెదురు అందేవి. తాటిమొద్దును నిలువునా చీల్చి వాసాలు తీస్తారు. తాటిచెట్టులో బయటి పొర నల్లగా, ఇనుములా గట్టిగా ఉంటుంది, నడిమి భాగం మెత్తటి పీచు. కాబట్టి తాటివాసంలో బలమంతా అంచునే ఉంటుంది, దాన్ని ఇష్టం వచ్చినట్టు చెక్కడానికి వీల్లేదు. కర్ర ఇంత విలువైనప్పుడు ఒక్క వాసం పొట్టిగా కోసినా నష్టమే. కొయ్యకముందే పొడవు తెలియాలి.

గూనపెంకు కుమ్మరి సారె మీద పుడుతుంది. కుమ్మరి ఒక పొడుగాటి బోలు గొట్టాన్ని లేపుతాడు. అది కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. పచ్చిగా ఉండగానే దానికి ఎదురెదురుగా రెండు నిలువు గాట్లు పెడతాడు. ఆరాక తడితే గొట్టం రెండు పెంకులుగా విడిపోతుంది, ఆ తర్వాత వాముకు వెళుతుంది. కప్పు మీద ఒక వరుస వెల్లకిలా, దాని అతుకుల మీద మరో వరుస బోర్లా. సన్నటి కొస వెడల్పాటి నోట్లో దూరుతుంది కాబట్టి మేకు అక్కర్లేదు, పెంకును పట్టి ఉంచేది దాని బరువు, రాపిడి. వాలు మరీ తక్కువైతే నీళ్ళు వెనక్కి ఎక్కి అతుకుల్లోంచి కారతాయి, మరీ ఎక్కువైతే పెంకులు జారిపోతాయి. ముప్పై డిగ్రీలకు కాస్త అటూఇటూగా ఉండే వాలు ఈ రెండింటికీ మధ్య రాజీ.

నమూనాకు ఒక ఇల్లు

లెక్క చేతికి చిక్కాలంటే ఒక ఇల్లు కావాలి. వెడల్పు 15 అడుగులు, పొడవు 24 అడుగులు అనుకుందాం. గోడల మీద చుట్టూరా చెక్కపట్టె పరిచాం, అది గోడపట్టె. కప్పు నడుమ నిలువునా పోయే దూలం కొప్పు దూలం. గోడపట్టె మట్టం నుంచి కొప్పు ఎత్తు 4 అడుగులు. నాలుగు వైపులా వాలు ఒకేలా ఉండాలి.

వాసాలు మూడు రకాలు. కొప్పు దూలం నుంచి గోడపట్టెకు తిన్నగా దిగేది నిండు వాసం. కొప్పు కొస నుంచి ఇంటి మూలకు ఏటవాలుగా దిగేది మూలవాసం. గోడపట్టె నుంచి బయల్దేరి కొప్పు దాకా పోకుండా మధ్యలోనే మూలవాసానికి తగిలి ఆగిపోయేవి పొట్టి వాసాలు.

నిండు వాసం పొడవుకు బళ్ళో చదివిన లంబకోణ త్రిభుజం చాలు. ఇంటి వెడల్పులో సగం 7.5 అడుగులు, అది అడ్డం పరుగు. ఎత్తు 4 అడుగులు. వర్గాలు కలిపితే 56.25కు 16 చేరి 72.25, దాని వర్గమూలం 8.5. అంటే నిండు వాసం ఎనిమిదిన్నర అడుగులు. 8, 15, 17 అనే త్రయాన్ని సగం చేసి ఈ కొలతలు ఎంచుకున్నాం, అందుకే వర్గమూలం సరిగ్గా తెగింది. వాలు 28 డిగ్రీలు వస్తుంది, గూనపెంకుకు సరిపోతుంది.

కొప్పు దూలం పొడవెంత? అన్ని వైపులా వాలు ఒకటే కాబట్టి చిన్నగోడల వైపు కూడా కప్పు 7.5 అడుగుల అడ్డం పరుగులోనే 4 అడుగులు ఎక్కాలి. కాబట్టి కొప్పు కొస ప్రతి చిన్నగోడ నుంచి 7.5 అడుగులు లోపలికి ఉంటుంది. 24లోంచి 15 తీసేస్తే 9 అడుగులు.

మూల దూరం, ఎత్తు మాత్రం అదే

ఇప్పుడు మూలవాసం. కొప్పు కొసకు సరిగ్గా కింద, నేల మీద ఒక చుక్క పెట్టండి. ఆ చుక్క నుంచి పొడుగు గోడకు 7.5 అడుగులు, చిన్నగోడకు 7.5 అడుగులు. చుక్క, మూల, ఈ రెండు కొలతలు కలిపితే ఒక చదరం ఏర్పడుతుంది. మూలవాసం అడ్డం పరుగు ఆ చదరానికి కర్ణం. 7.5ను 2 వర్గమూలంతో, అంటే 1.414తో గుణిస్తే 10.6 అడుగులు.

ఎత్తు మాత్రం ఆ నాలుగు అడుగులే. కాబట్టి మూలవాసం ఎక్కువ దూరం పోయి అంతే ఎక్కుతుంది, దాని వాలు తగ్గుతుంది. నిండు వాసం 28 డిగ్రీల్లో ఉంటే మూలవాసం 20.7 డిగ్రీల్లోనే పడుకుంటుంది. పొడవు కోసం రెండోసారి వర్గాలు కలపాలి: 10.6 వర్గం 112.5, దానికి 16 చేరిస్తే 128.5. వర్గమూలం 11.34, అంటే 11 అడుగుల 4 అంగుళాలు.

ఇందులో ఒక అడ్డదారి ఉంది. 128.5ను మరోలా కూడా చూడొచ్చు. నిండు వాసం వర్గం 72.25, సగం వెడల్పు వర్గం 56.25, రెండూ కలిపితే అదే 128.5. వాలు మీదే గీసిన త్రిభుజం ఇది: ఒక భుజం నిండు వాసం, రెండో భుజం గోడపట్టె వెంట 7.5 అడుగులు, కర్ణం మూలవాసం. ఈ త్రిభుజంలో ఎత్తు ఎక్కడా కనిపించదు, అది నిండు వాసం పొడవులోనే ఇమిడిపోయింది. నిండు వాసాన్ని సరిగ్గా కోసిన వడ్రంగికి మూలవాసం కోసం ఎత్తును మళ్ళీ కొలవాల్సిన పని లేదు.

వర్గమూలాలు రాకపోయినా పని ఆగదు. చదును చేసిన నేల మీద దారానికి ఎర్రమన్ను పూసి సాగదీసి కొడితే గీత పడుతుంది. 7.5 అడుగుల గీతకు గుణియ (లంబకోణం చూసే పనిముట్టు) పెట్టి 8.5 అడుగుల గీత లంబంగా కొట్టాలి, రెండు కొసలనూ కలుపుతూ మూడో దారం కొట్టాలి. ఆ మూడో గీత మీద కర్ర పడుకోబెట్టి కొసలు గుర్తు పెట్టుకుంటే మూలవాసం పొడవు దొరికినట్టే. నేల మీద అసలు కొలతకే బొమ్మ గీసి కర్రను దాని మీద పెట్టి గుర్తులు తీసుకోవడం ప్రపంచమంతటా వడ్రంగులు ఎరిగిన పద్ధతి.

పన్నెండుకు పదిహేడు

అమెరికా వడ్రంగుల ఉక్కు గుణియలతో పని చేసేవాళ్ళకు ఒక జోడి అంకెలు నోటికొచ్చి ఉంటాయి. నిండు వాసం అడ్డం పరుగుకు 12 పట్టుకుంటే మూలవాసానికి 17 పట్టుకోవాలి. 12 అంగుళాల చదరానికి కర్ణం 16.97 అంగుళాలు, వాళ్ళు దాన్ని 17 అనుకుంటారు. జపాన్ వడ్రంగులు ఇంకా సుళువు మార్గం పట్టారు. వాళ్ళ గుణియ పేరు సషిగానె. దాని ముందువైపు మామూలు కొలతలు ఉంటాయి, వెనకవైపు ప్రతి గీతా 1.414 రెట్లు ఎడంగా ఉంటుంది. నిండు వాసాన్ని ముందువైపుతో కొలిచి, మూలవాసం దగ్గరికి రాగానే గుణియను తిరగేస్తారు. గుణకారం ఇనుములోనే జరిగిపోయి ఉంటుంది.

ఈ 17 మన దేశంలో చాలా పాతది. యజ్ఞవేదికలు కట్టడానికి కొలతలు చెప్పిన బౌధాయన శుల్బసూత్రం రెండున్నర వేల ఏళ్ళకు పైబడిన గ్రంథం. చదరం భుజం తెలిస్తే కర్ణం ఎలా కనుక్కోవాలో అందులో ఉంది. భుజానికి దాని మూడో వంతు కలపాలి, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలపాలి, చివర్లో కలిపిన ముక్కలోంచి ముప్పై నాలుగో వంతు తీసేయాలి. భుజం 12 అడుగులు అనుకుని చేసి చూడండి. మూడో వంతు 4, అందులో నాలుగో వంతు 1, మొత్తం 17. వడ్రంగి ఇక్కడే ఆగిపోతాడు. శుల్బకారుడు ఇంకో అడుగు వేసి, ఆ ఒక్క అడుగులోంచి ముప్పై నాలుగో వంతు, అంటే అంగుళంలో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ, తీసేయమన్నాడు. అప్పుడొచ్చే జవాబుకు, అసలు కర్ణానికి తేడా 12 అడుగుల మీద వెంట్రుక మందం కూడా ఉండదు.

మన ఇంటికి ఏది కావాలి? 7.5 అడుగులను 17తో గుణించి 12తో భాగిస్తే 10.625. అసలు విలువ 10.607. తేడా అంగుళంలో పావు వంతు లోపే. పని స్థలంలో అంగుళంలో ఎనిమిదో వంతును సూతు అంటారు, ఇది రెండు సూతులకు కూడా రాదు. కొప్పు దగ్గర ఉలితో సరిచేసుకోవచ్చు. అదే 40 అడుగుల వెడల్పున్న గోదాము అయితే తేడా అర అంగుళం దాటుతుంది, అప్పుడు ముప్పై నాలుగో వంతు గుర్తుకు రావాల్సిందే.

పొట్టి వాసాల మెట్లు

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం తప్పంటారు కానీ కట్టబోయే ఇంటి వాసాలు లెక్కపెట్టకుండా కర్ర కొనలేం. వాసానికి వాసానికి ఒకటిన్నర అడుగు ఎడం పెడదాం. కొప్పు దూలానికి అటు ఏడు, ఇటు ఏడు, రెండు కొసల్లో ఒక్కొక్కటి: నిండు వాసాలు 16. మూలవాసాలు 4. ప్రతి మూలవాసానికీ ఒక్కో పక్క నాలుగు చొప్పున పొట్టి వాసాలు, మొత్తం 32. అన్నీ కలిపి 52.

ఆ 32 వాసాలకు 32 కొలతలు తీయనక్కర్లేదు. మూల నుంచి గోడపట్టె వెంట 7.5 అడుగులు నడిస్తే వాసం 8.5 అడుగులు ఉంటుంది, మూల దగ్గర సున్నా. మధ్యలో పెరుగుదల అంతా సమంగానే ఉంటుంది, ఎందుకంటే చిన్న త్రిభుజాలన్నీ పెద్ద త్రిభుజానికి సరూపాలు. ఒకటిన్నర అడుగుకు ఒక మెట్టు, ఐదు మెట్లలో 8.5 అడుగులు పూర్తవుతాయి. మెట్టుకు 1.7 అడుగులు. కాబట్టి పొట్టి వాసాలు 1.7, 3.4, 5.1, 6.8 అడుగులు. నాలుగే కొలతలు, ఒక్కోటి ఎనిమిదేసి.

కొలిచే పద్ధతిలో ఒక జాగ్రత్త ఉంది. 1.7 అడుగులంటే 20.4 అంగుళాలు, టేపు మీద దాన్ని 20 అంగుళాల 3 సూతులుగా పట్టుకుంటాం. ఒక్కో వాసాన్ని ముందు కోసిన వాసంతో పోల్చి అంత పెంచుకుంటూ పోతే నాలుగో దానికల్లా సూతు వరకూ తగ్గిపోతుంది. ప్రతి కొలతనూ సున్నా నుంచి విడిగా పెట్టుకుంటే తప్పు పేరుకోదు.

ఈ నాలుగు అంకెల్ని మళ్ళీ చూడండి. 6.8, 1.7 కలిపితే 8.5. 5.1, 3.4 కలిపినా 8.5. ఒక నిండు వాసం కర్రలోంచి రెండు పొట్టి వాసాలు తెగుతాయి, ముప్పై రెండింటికీ పదహారు కర్రలు చాలు. ఇంకా బాగున్న సంగతి కోత దగ్గర ఉంది. పొట్టి వాసం తల రెండు విధాలుగా ఏటవాలు: పక్క నుంచి చూస్తే నిలువు కోత, పై నుంచి చూస్తే మూలవాసానికి ఆనే ఓర కోత. కర్రను మధ్యలో అలా ఒక్కసారి కోస్తే రెండు ముక్కలకూ తలలు తయారవుతాయి. రెండో ముక్కను తలకిందులు చేసి, అంటే పైముఖం కిందికి వచ్చేలా తిప్పి పెట్టుకుంటే, మొదటిది మూలవాసానికి ఎడమ పక్క ఆనేదైతే రెండోది కుడి పక్క ఆనేదవుతుంది. మూలకు రెండు చేతుల వాసాలూ కావాలి కాబట్టి ఏ ముక్కా వృథా పోదు. గోడపట్టె మీద కూర్చునే గంటు మాత్రం తిప్పాకే వేయాలి. చూరు బయటికి రావడానికి కావలసిన పొడవు రెండు కొసల్లోనూ ముందే కలుపుకోవాలి. ఒకటిన్నర అడుగు చూరుకు వాసం వెంట 1.7 అడుగులు పడుతుంది, మూలవాసానికైతే 2 అడుగుల 3 అంగుళాలు.

కోతలు

ఇంతవరకూ గీతల లెక్క. గీతకు మందం లేదు, కర్రకు ఉంటుంది. మూలవాసం 3 అంగుళాల మందం అయితే, పొట్టి వాసం దాని నడిగీత దాకా పోకుండా పక్క చెంప దగ్గరే ఆగుతుంది. 45 డిగ్రీల్లో అడ్డం వచ్చే ఆ సగం మందం 2.1 అంగుళాలు, వాలు మీద కొలిస్తే 2.4 అంగుళాలు. లెక్కలో వచ్చిన ప్రతి పొట్టి వాసం పొడవులోంచీ అంత తగ్గించాలి. అన్ని కొలతలూ సరిగా వేసి ఇది మరిచిపోతే వాసాలన్నీ మూలవాసాన్ని పక్కకు నెట్టేస్తాయి.

కోతల గుర్తులకు గుణియ ఒక్కటి చాలు. నిండు వాసానికి గుణియ ఒక చేతి మీద 15 అంగుళాలు, రెండో చేతి మీద 8 అంగుళాలు కర్ర అంచుకు ఆనించాలి. 8 వైపు గీస్తే నిలువు కోత, 15 వైపు గీస్తే మట్టపు కోత. మూలవాసానికి 15 బదులు 21¼ పట్టాలి, 8 మారదు. మూల దూరం, ఎత్తు మాత్రం అదే అన్న మాట గుణియ మీద కనిపించేది ఇలాగే.

పొట్టి వాసం ఓర కోత దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. పై నుంచి చూస్తే వాసం మూలవాసాన్ని 45 డిగ్రీల్లో కలుస్తోంది కదా అని కర్ర పైముఖం మీద 45 గీసి కోసేస్తారు. అది నేల మీది నీడకు సరిపోయే కోణం, కర్ర ఉన్నది వాలు మీద. వాలు మీది త్రిభుజం భుజాలు 7.5, 8.5. కాబట్టి గుణియ మీద 15, 17 పట్టుకుని 17 వైపు గీయాలి, 41.4 డిగ్రీలు వస్తుంది. తేడా చిన్నదే అనిపిస్తుంది కానీ రెండు అంగుళాల వెడల్పు వాసానికి 45 కోస్తే అతుకు దగ్గర పావు అంగుళం సందు పడుతుంది. మేకు దిగినా పట్టు ఉండదు.

ఇక మూలవాసం పైముఖం. రెండు వాలులు కలిసే గీత మీద చదునైన కర్ర పెడితే దాని రెండు అంచులూ వాలుల కన్నా పైకి పొడుచుకొస్తాయి. ఎంత చెక్కాలో చెప్పే నిష్పత్తి కూడా మనకు తెలిసిన అంకెల్లోనే ఉంది: ఎత్తును మూలవాసం పొడవుతో భాగిస్తే 4కు 11.34, అంటే 0.353. సగం మందం ఒకటిన్నర అంగుళం కాబట్టి ప్రతి అంచునూ అర అంగుళం దించాలి. బాడిశతో నడిగీత నుంచి రెండు పక్కలకూ చెక్కితే పైముఖం చేపవీపులా తేలుతుంది.

గూనపెంకు కింద ఈ చెక్కుడు లేకపోయినా నడిచిపోతుంది. చిన్న పెంకు, కింద కాస్త మట్టి సర్దితే ఎత్తుపల్లాలు కలిసిపోతాయి, మూలగీత మీద ఎలాగూ బోర్లా పెంకుల వరుస వస్తుంది. 1865లో బాసెల్ మిషన్ మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక దక్షిణాదికంతా పాకిన మంగుళూరు పెంకుతో అలా కుదరదు. అది పెద్దది, చదునైనది, గాళ్ళతో ఒకదానికొకటి తగులుకుంటుంది. కింద రీపర్లన్నీ ఒకే మట్టంలో లేకపోతే పెంకు కుంటుతుంది. మూలల దగ్గర ప్రతి పెంకునూ ఓరగా కోయాలి. కుమ్మరి చేతి పెంకు మన్నించిన తప్పును యంత్రం చేసిన పెంకు మన్నించదు.

భవంతి లోపలి మూల

బయటి మూలలో రెండు వాలులు వీపుల్లా కలుస్తాయి, నీళ్ళు ఆ గీత నుంచి రెండు పక్కలకూ విడిపోతాయి. భవంతి లోపల, ఖాళీ జాగా మూలల్లో జరిగేది దీనికి తలకిందులు. రెండు వసారాల వాలులు లోపలికి దిగుతూ ఒక గాడిలో కలుస్తాయి. అక్కడి ఏటవాలు వాసాన్ని లోమూల వాసం అందాం. లెక్క వరకూ అది మూలవాసానికి కవల: అడ్డం పరుగు 7.5 అయితే పొడవు అదే 11 అడుగుల 4 అంగుళాలు, వాలు అదే 20.7 డిగ్రీలు, పొట్టి వాసాల మెట్లు అవే. తేడా దిక్కులో ఉంది. బయటి మూలలో పొట్టి వాసాలు గోడపట్టె మీద నిలబడి మూలవాసానికి తల ఆనిస్తాయి. లోమూలలో అవి వెనక గోడ మీది పైపట్టె నుంచి దిగి లోమూల వాసం మీద కాలు పెడతాయి. అంటే వాటి బరువంతా ఆ ఒక్క కర్ర మోయాలి, మూలస్తంభం దాన్ని అందుకోవాలి. అందుకే లోమూలకు మిగతా వాసాలకన్నా లావుపాటి కర్ర కావాలి.

బరువుతో పాటు నీళ్ళు. నడుమ జాగా 12 అడుగుల చదరం, చుట్టూ వసారా వాలు 7.5 అడుగులు అనుకుందాం. లోపలికి దిగే కప్పు నీడ 585 చదరపు అడుగులు. అందులో నాలుగు మూలల చదరాలు 225. ఆ చదరాల మీద పడ్డ వాన మొత్తం లోమూల గాళ్ళలోకే చేరుతుంది. కప్పు మీది నీళ్ళలో దాదాపు ఐదింట రెండు వంతులు నాలుగే నాలుగు చోట్ల కిందికి దూకుతాయన్న మాట. గట్టి వాన ఒకటి 50 మిల్లీమీటర్లు కురిస్తే ఒక్కో మూల నుంచి దాదాపు 260 లీటర్లు. కింద గంగాళం పెడితే ఎన్నిసార్లు నిండుతుందో లెక్క వేసుకోవచ్చు.

నీళ్ళు ఎక్కువగా చేరే ఆ గాడిలోనే వాలు తక్కువ. మిగతా కప్పు మీద 28 డిగ్రీల్లో పరుగెత్తి వచ్చిన నీళ్ళు గాడిలోకి రాగానే 20.7 డిగ్రీలకు నెమ్మదిస్తాయి. ఆకులు, దుమ్ము, విరిగిన పెంకు ముక్కలు అక్కడే ఆగుతాయి. ఏటా మిరుగం (మృగశిర కార్తె) రాకముందే పెంకు సర్దించేటప్పుడు గాళ్ళ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది అందుకే. తర్వాతి కాలంలో గాడిలో పెంకు బదులు జింకు రేకు పరచడం వచ్చింది. పాత భవంతిలో కర్ర పుచ్చిపోవడం ఎక్కడ మొదలైందో చూడాలంటే ముందు లోమూల వాసం కింది కొస తట్టి చూడాలి. ఆ మూలకు తక్కువ వాలు ఎందుకు వచ్చిందో మనకు తెలుసు: మూల దూరం, ఎత్తు మాత్రం అదే.

పెంకు ఎక్కువ పడుతుందా?

నాలుగు వాలుల కప్పుకు పెంకు ఎక్కువ కావాలని చాలామంది అనుకుంటారు. లెక్క చూద్దాం. మన ఇంటికి రెండు పొడుగు వాలులు, రెండు త్రికోణపు వాలులు. పొడుగు వాలు ఒక్కోటి 140.25 చదరపు అడుగులు, త్రికోణం ఒక్కోటి 63.75. మొత్తం 408. అదే ఇంటికి అదే వాలుతో రెండు వైపులకే కప్పు వేస్తే 24 అడుగుల పొడవు, 8.5 అడుగుల వాసం, రెండు పక్కలు: మళ్ళీ 408. యాదృచ్ఛికం కాదు. వాలు ఒకటే అయినప్పుడు కప్పులోని ప్రతి చదరపు అడుగూ నేల మీద వేసే నీడ ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది. నీడ ఇంటి వైశాల్యమే కాబట్టి కప్పు వైశాల్యం కూడా మారదు. మూలగీతల మీద బోర్లించే పెంకుల వరుసలు మాత్రమే అదనం.

మిగులు గోడలో ఉంది. రెండు వాలుల ఇంట్లో చిన్నగోడల మీద కొప్పు దాకా త్రికోణపు గోడ లేపాలి, రెండింటికీ కలిపి 60 చదరపు అడుగులు. ఎత్తుగా, ఆసరా లేకుండా నిలిచే ఆ మట్టిగోడనే ఈదురుగాలి, జడివాన ముందుగా కొడతాయి. నాలుగు వాలుల కప్పులో అది ఉండదు, నాలుగు గోడలూ ఒకే ఎత్తులో ఆగి చూరు కింద దాక్కుంటాయి. ఖర్చు పెరిగేది వడ్రంగి కూలిలో: ముప్పై రెండు ఓర కోతలు, నాలుగు మూలవాసాలు, వాటి కాళ్ళు మూలల్ని బయటికి తన్నకుండా గోడపట్టెల కొసలను సగం సగం కోసి గట్టిగా ముడిపెట్టే మూలకట్టు.

కొప్పు దూలం లేని కప్పులు

ఇంటి పొడవును తగ్గించుకుంటూ వెడల్పుకు సమానం చేస్తే కొప్పు దూలం సున్నా అవుతుంది. నాలుగు మూలవాసాలూ ఒకే బిందువులో కలుస్తాయి. అలంపురం దగ్గరి పాపనాశి గుళ్ళ మీద మెట్లుమెట్లుగా ఎక్కే రాతి శిఖరాలు ఆ ఆకారాన్నే చూపిస్తాయి. కొస నుంచి నాలుగు మూలలకూ దిగే అంచులు మూలగీతలే. అక్కడ వాసాలు లేవు, రాతి పొరలు ఒకదానికన్నా ఒకటి లోపలికి జరుగుతూ ఎక్కుతాయి.

నాలుగు మూలలను ఎనిమిది, పదహారు చేసుకుంటూ పోతే చివరికి గుండ్రటి గుడిసె వస్తుంది. అమ్రాబాద్ పీఠభూమి చెంచుల గురించి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1943లో వెలువడింది. గుండ్రటి తడిక గోడ మీద శంకువు ఆకారపు గడ్డి కప్పు ఆ చెంచుల సంప్రదాయ ఇల్లు. అందులో మూలే లేదు కాబట్టి మూలవాసం లెక్కా లేదు. ప్రతి వెదురూ గోడ నుంచి కొసకు ఒకే దూరం, ఒకే ఎత్తు. ఓర కోత లేదు, గుణియ అక్కర్లేదు, కట్టడానికి నార చాలు. చదరపు గది కావాలనుకున్న రోజు నుంచే మనిషికి 2 వర్గమూలంతో పని పడింది.

అట్టముక్కతో చూడండి

కర్ర కొయ్యకముందు అట్ట కోసి చూడటం మంచిది. అడుగుకు ఒక సెంటీమీటరు పట్టండి. కింద 24, పైన 9 సెంటీమీటర్లు, వాటి మధ్య లంబదూరం 8.5 ఉండేలా రెండు సమలంబాలు కోయండి. పై గీత కింది గీతకు సరిగ్గా నడుమ ఉండాలి. అడుగు 15, లంబం 8.5 ఉండేలా రెండు సమద్విబాహు త్రిభుజాలు కోయండి. నాలుగింటి ఏటవాలు అంచుల్నీ స్కేలుతో కొలవండి: అన్నీ 11.3 సెంటీమీటర్లే, కాబట్టి అంచుకు అంచు కలుస్తుంది. టేపుతో అతికించి బల్ల మీద నిలబెట్టండి. అట్ట అంచులు మూలగీత దగ్గర ఎంత కోణంలో కలుస్తున్నాయో చూస్తే మూలవాసం పైముఖాన్ని ఎందుకు చెక్కాలో అర్థమవుతుంది.

గీసేటప్పుడు ఈ ముక్కల్లో ఎక్కడా కప్పు ఎత్తు పెట్టలేదు. ఇప్పుడు స్కేలు నిలబెట్టి బల్ల నుంచి కొప్పు దాకా కొలవండి. 4 సెంటీమీటర్లు రావాలి. రాకపోతే తప్పు మూలల్లో ఉన్నట్టే, ఏ అంచు 11.3 కాదో వెతకండి. అసలు ఇంట్లో కూడా ఇదే పరీక్ష. ముందు గోడపట్టెల రెండు కర్ణాలూ కొలవాలి, 15కు 24 ఇంటికి రెండూ 28 అడుగుల మూడున్నర అంగుళాల దగ్గర సమానంగా రావాలి. తర్వాత ఒక్క మూలవాసం కోసి నాలుగు మూలల్లోనూ పెట్టి చూడాలి. నాలుగింటా కుదిరితే మిగతా మూడూ కోయొచ్చు. ఒక మూలలో కుదరకపోతే కర్రను వదిలేసి గోడను మళ్ళీ కొలవాలి.